కొత్త ఎయిర్‌లైన్ పైలట్లకు చేత్తో విమానం నడపడం నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి టైప్ రేటింగ్‌లో (ఒక రకం విమానం నడపడానికి ఇచ్చే ప్రత్యేక శిక్షణలో) చేరిన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, కొత్తగా ఇన్‌స్ట్రక్టర్ సీట్లోకి వచ్చిన సహచరులు అడుగుతుండే ప్రశ్నలివి. జవాబులు ఎయిర్‌బస్ ఎ320ని దృష్టిలో పెట్టుకుని రాశాను. మన దేశంలో కొత్త కో పైలట్లలో చాలామంది మొదట ఎక్కేది ఆ విమానమే. ఇక్కడ రాసినదానికీ మీ కంపెనీ మాన్యువల్‌కీ ఎక్కడైనా తేడా వస్తే మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి.

ఆటోపైలట్ అంత బాగా నడుపుతుంటే మనిషి చేత్తో నడపడం ఎందుకు నేర్చుకోవాలి?

మామూలు రోజున ఆటోపైలట్ మనకంటే నున్నగా నడుపుతుంది. అందులో అనుమానం లేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటల ప్రయాణంలో విమానం పైలట్ చేతిలో ఉండేది పైకి లేచాక కొద్ది నిమిషాలు, దిగే ముందు కొద్ది నిమిషాలు.

చిక్కంతా మామూలుగా లేని రోజుతోనే. స్పీడ్ చెప్పే సెన్సర్లు ఒకదానితో ఒకటి పొంతన లేని లెక్కలు ఇస్తే, ఏది నమ్మాలో తెలియక ఆటోపైలట్ తప్పుకుంటుంది. పని తేలిగ్గా ఉన్నంతసేపూ తానే చేసి, గడ్డు క్షణంలో మన చేతిలో పెడుతుంది. అప్పటిదాకా ఊరికే చూస్తూ కూర్చున్న మనిషికి ఒక్క సెకనులో విమానాన్ని అందుకోగలిగే చెయ్యి, కన్ను ఉండాలి.

ఇంకో కారణం కూడా ఉంది, నా లెక్కలో ఇదే పెద్దది. చేత్తో నడపగలనన్న ధైర్యం ఉన్నవాడు, ఆటోమేషన్ తాను అనుకున్నది చేయకపోతే వెంటనే దాన్ని తీసేస్తాడు. ఆ ధైర్యం లేనివాడు తల దించుకుని బటన్లు నొక్కుతూనే ఉంటాడు. ఈలోగా స్పీడో ఎత్తో చేజారుతుంది.

చేత్తో నడపలేకపోవడం వల్ల నిజంగా ప్రమాదాలు జరిగాయా?

జరిగాయి. ప్రతి బ్యాచ్‌కీ వివరంగా చెప్పాల్సింది ఎయిర్ ఫ్రాన్స్ 447 గురించి. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎ330. 35,000 అడుగుల ఎత్తులో, రాత్రి పూట, అట్లాంటిక్ మీద, స్పీడ్ కొలిచే పిటో ట్యూబుల్లో మంచు పట్టి స్పీడ్ రీడింగ్‌లు చెడిపోయాయి. ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ (ఇంజిన్ల పవర్‌ని తానే సర్దే వ్యవస్థ) రెండూ తప్పుకున్నాయి. కెప్టెన్ విశ్రాంతికి వెళ్ళారు, కాక్‌పిట్‌లో ఇద్దరు కో పైలట్లున్నారు. విమానం అటూ ఇటూ ఒరుగుతుంటే నడుపుతున్న పైలట్ దాన్ని సరిచేస్తూ, అదే సమయంలో స్టిక్‌ని వెనక్కి లాగాడు. ముక్కు పైకి లేచింది, విమానం దాదాపు 38,000 అడుగులకు ఎక్కింది, స్పీడ్ పడిపోయింది, స్టాల్ అయింది, అంటే రెక్కలు విమానాన్ని మోయడం మానేశాయి. స్టాల్ హెచ్చరిక 54 సెకన్లు ఆగకుండా మోగింది. ఆటోపైలట్ తప్పుకున్నప్పటి నుంచి సముద్రాన్ని తాకేవరకు 4 నిమిషాల 23 సెకన్లు. 228 మంది చనిపోయారు.

ఇంజిన్లు పనిచేస్తున్నాయి, రెక్కలు బాగున్నాయి, స్పీడ్ రీడింగ్‌లు కూడా ఒక నిమిషంలోపే తిరిగొచ్చాయి. మొదటి కొన్ని సెకన్లలో చేయాల్సింది చాలా చిన్న పని: ముక్కు ఉన్న చోటే ఉంచడం, థ్రస్ట్ ఉన్న చోటే ఉంచడం, ఆపైన చెక్‌లిస్ట్ తీయడం. అంత ఎత్తులో చేత్తో నడిపిన అనుభవం ఆ పైలట్లకు దాదాపు లేదు. అక్కడ గాలి పల్చన, స్టిక్ కొంచెం కదిపినా విమానం ఎక్కువ కదులుతుంది. సిమ్యులేటర్‌లో 35,000 అడుగుల దగ్గర కాసేపు నడిపించకుండా ఏ కుర్రాడినీ లైన్‌కి (ప్రయాణికుల విమానాలకి) పంపకూడదని నేను గట్టిగా అనుకోవడానికి కారణం ఇదే.

2014 డిసెంబర్ 28న సురబయ నుంచి సింగపూర్ వెళ్తున్న ఎయిర్ ఏషియా 8501 విషయంలోనూ చివరి ఘట్టం ఇలాంటిదే. ఆటోపైలట్ పోయింది, విమానం నిటారుగా లేచింది, స్టాల్ అయింది. ఎ320లో ఉన్న 162 మందీ పోయారు.

ఇక 2013 జూలై 6, శాన్ ఫ్రాన్సిస్కో. పట్టపగలు, వాతావరణం బాగుంది. రన్‌వే పనుల వల్ల గ్లైడ్ స్లోప్ (ఏ వాలులో దిగాలో చూపే రేడియో సంకేతం) మాత్రం పనిచేయడం లేదు. ఏషియానా 214 బోయింగ్ 777ని నడుపుతున్న పైలట్‌కి మొత్తం 9,000 గంటలకు పైగా అనుభవం ఉంది, 777 మాత్రం కొత్త. గ్లైడ్ స్లోప్ లేకుండా కంటితో చూసి దిగడం తనకు చాలా టెన్షన్ పెట్టిందని తర్వాత దర్యాప్తులో చెప్పాడు. ఆటోథ్రాటిల్ (బోయింగ్‌లో ఆటోథ్రస్ట్‌కి పేరు) స్పీడ్ చూసుకుంటోందనుకున్నారు, అది చూసుకోవడం లేదు. 137 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) ఉండాల్సిన స్పీడ్ 103కి పడింది. విమానం తోక సముద్రపు కట్టను తాకింది, ముగ్గురు చనిపోయారు. అన్ని గంటల అనుభవం ఉన్న మనిషికి కిటికీలోంచి రన్‌వే కనిపిస్తుండగా దిగడం భయమనిపించిందంటే, ఆ గంటలన్నీ ఎలా గడిచాయో ఆలోచించాలి.

మాన్యువల్ ఫ్లయింగ్ అంటే ఆటోపైలట్ తీసేయడమేనా?

అది మొదటి మెట్టే. ఆటోపైలట్ తీసేసి ఫ్లైట్ డైరెక్టర్, ఆటోథ్రస్ట్ ఉంచుకుంటే, మీరు చేసేదల్లా తెర మీది ఆకుపచ్చ గీతల వెంట పడటం. ఎంత ఒరగాలో, ముక్కు ఎంత ఎత్తాలో లెక్క కట్టేది కంప్యూటరే. మీరు చెయ్యి మాత్రం అరువిస్తున్నారు.

ఆటోథ్రస్ట్ కూడా తీసేస్తే రెండో మెట్టు. అప్పుడు స్పీడ్ మీ బాధ్యత. ఫ్లైట్ డైరెక్టర్ కూడా తీసేస్తే మూడోది, పైలట్లు రా డేటా అనేది దీన్నే. హొరైజన్, స్పీడ్, ఎత్తు, లోకలైజర్ (రన్‌వేకి సూటిగా ఉన్నామో లేదో చూపేది), గ్లైడ్ స్లోప్ మాత్రమే ఉంటాయి. ఆలోచన మొత్తం మీదే. అసలు నేర్పు ఇక్కడే వస్తుంది.

ఫ్లైట్ డైరెక్టర్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త: రెండు వైపులదీ కలిపి తీయాలి. ఎ320లో ఆటోథ్రస్ట్ ఆన్‌లో ఉండగా రెండూ తీస్తే అది స్పీడ్ మోడ్‌లోకి వస్తుంది, అంటే పెట్టిన స్పీడ్‌ని పట్టుకుంటుంది. ఒకటి తీసి ఒకటి వదిలేస్తే పాత మోడ్ అలాగే ఉండిపోవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక వైపుదే తీశారు. 777లో కూడా రెండూ ఒకేసారి ఆఫ్‌లో ఉండి ఉంటే ఆటోథ్రాటిల్ స్పీడ్‌ని పట్టుకునేది.

మా అమ్మాయి చిన్న విమానం మీద 200 గంటలు నడిపింది. అదంతా చేత్తోనే కదా? మళ్ళీ నేర్పేదేముంది?

ఆ 200 గంటలు వృథా కావు. ఉత్తరప్రదేశ్‌లోని ఫర్సత్‌గంజ్ ఫ్లయింగ్ స్కూల్లో చేసినా, అమెరికాలో చేసినా గాలిలో విమానం ఎలా ప్రవర్తిస్తుందో ఒంటికి తెలిసేది ఆ దశలోనే. కానీ సెస్నా 172 టన్ను దాటీ దాటని బరువు, దిగేటప్పుడు అరవై చిల్లర నాట్లు. ఎ320 అరవై టన్నుల దాకా బరువుతో 135, 140 నాట్ల మీద దిగుతుంది. సెస్నాలో పొరపాటును గమనించి దిద్దుకునే వ్యవధి ఉంటుంది. ఎ320లో దిద్దుబాటు ఫలితం కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోగా ఓపిక పట్టలేక కుర్రాళ్ళు ఇంకో దిద్దుబాటు చేస్తారు, అది ఎక్కువై మూడోది చేస్తారు. జెట్ ఇంజిన్ కూడా ఐడిల్ నుంచి పుంజుకోవడానికి సమయం తీసుకుంటుంది. పవర్ కావాలనిపించినప్పుడు కాదు, కావాల్సి వస్తుందని తెలిసినప్పుడే ఇవ్వాలి.

సెస్నాలో సగం కళ్ళతో బయటికి చూసి నడుపుతారు. ఎ320లో మేఘంలో, రాత్రిలో, తెర మీది చిన్న హొరైజన్ చూసి నడపాలి. చాలామంది తడబడేది చేతి దగ్గర కాదు, ఈ చూపు మార్పు దగ్గర.

ఎయిర్‌బస్‌లో పరిమితులు దాటకుండా కంప్యూటరే కాపాడుతుంది కదా?

నార్మల్ లా అనే మామూలు నియంత్రణ స్థితిలో ఉన్నంతవరకు కాపాడుతుంది. స్టిక్ మొత్తం వెనక్కి లాగినా స్టాల్ కానివ్వదు, ట్రిమ్ (విమానం తనంతట తాను నిలకడగా ఉండేలా చేసే సర్దుబాటు) కూడా అదే చూసుకుంటుంది. కొన్ని వ్యవస్థలు పోతే ఆల్టర్నేట్ లా, ఇంకా పోతే డైరెక్ట్ లా. అక్కడ ఆ రక్షణలు ఉండవు. 447లో, 8501లో విమానాలు ఆల్టర్నేట్ లాలోనే ఉన్నాయి. అందుకే సిమ్‌లో ఆ రెండు స్థితుల్లోనూ నడిపించాలి, ఒక్కసారి చూపించి టిక్కు పెట్టేయకూడదు.

పిచ్, పవర్ అని ఇన్‌స్ట్రక్టర్లు పదే పదే ఎందుకంటారు?

మొత్తం విద్యకి మూలం అదే కాబట్టి. ముక్కు ఫలానా కోణంలో, ఇంజిన్ ఫలానా పవర్‌లో ఉంటే విమానం ఫలానా స్పీడ్‌లోనే ఎగురుతుంది. స్పీడ్ చూపించే పరికరం ఉన్నా లేకపోయినా ఇది మారదు.

ఎ320లో స్పీడ్ రీడింగ్‌లు నమ్మలేనివని తేలి, ప్రమాదం కనిపిస్తుంటే, కంఠతా రావాల్సిన అంకెలు మూడు. పైకి లేచిన వెంటనే, థ్రస్ట్ తగ్గించే ఎత్తుకు లోపల: 15 డిగ్రీలు, టోగా (పూర్తి పవర్). ఆ పైన 10,000 అడుగుల దాకా: 10 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్. 10,000 దాటాక: 5 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్. ఇవి పిల్లలందరికీ వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ సిమ్‌లో నిజంగా స్పీడ్ పోగొడితే, సగంమంది చెయ్యి ముందు కదులుతుంది, అంకె తర్వాత గుర్తొస్తుంది.

దీనికి మందు, రోజూవారీ అంకెలు కూడా తెలిసి ఉండటం. ఫుల్ ఫ్లాప్స్‌తో గ్లైడ్ స్లోప్ మీద దిగుతుంటే ముక్కు దాదాపు మూడు డిగ్రీలు పైకి, ఎన్1 (ఇంజిన్ ఫ్యాన్ తిరిగే వేగం) యాభై శాతానికి కాస్త అటూ ఇటూ. బరువును బట్టి, గాలిని బట్టి మారుతుంది. ఆటోపైలట్ నడుపుతున్నప్పుడు ఊరికే కూర్చోకుండా, ఇప్పుడు పిచ్ ఎంత, ఎన్1 ఎంత అని చూసి చిన్న పుస్తకంలో రాసుకునే కుర్రాళ్ళు ఉంటారు. నెల తిరిగేసరికి వాళ్ళ నడకే వేరుగా ఉంటుంది. ఆటోపైలట్ తీసేయగానే వాళ్ళు వెతుక్కోరు, తెలిసిన చోట పెట్టి చిన్నగా సరిచేసుకుంటారు.

స్కాన్ (పరికరాల మీద చూపు తిప్పడం) ఎలా నేర్పాలి?

ముందు, ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టాలి. వెనక సీట్లోంచి చూస్తే కుర్రాడి చూపు తెలిసిపోతుంది. లోకలైజర్ కొంచెం పక్కకి జరిగింది, చూపు దానికి అతుక్కుంది. దాన్ని మధ్యకి తెచ్చేలోపు స్పీడ్ ఎనిమిది నాట్లు పెరిగింది. ఇప్పుడు చూపు స్పీడ్‌కి అతుక్కుంది, థ్రస్ట్ లివర్లు వెనక్కి లాగాడు, ముక్కు కిందికి జారింది, విమానం గ్లైడ్ స్లోప్ కన్నా కిందికి పోయింది. ఒక్కో దాన్నీ బాగానే సరిచేస్తున్నాడు, కానీ ఒకదాని తర్వాత ఒకటిగా.

నేర్పాల్సిన అలవాటు ఇది: చూపు హొరైజన్ నుంచి బయల్దేరి ఒక్క పరికరం చూసి మళ్ళీ హొరైజన్‌కి రావాలి, ఆపైన ఇంకోదానికి. స్పీడ్ చూసి హొరైజన్‌కి, లోకలైజర్ చూసి హొరైజన్‌కి. మొదట్లో నోటితో పైకి చెప్పించడం బాగా పనిచేస్తుంది. “స్పీడ్ ప్లస్ ఫైవ్, లోకలైజర్ సెంటర్, కొంచెం హై” అని వాళ్ళే చెప్పుకుంటూ నడిపితే, దేన్ని చూడటం మానేశారో వాళ్ళ చెవికే వినిపిస్తుంది.

వెంటనే ఐఎల్‌ఎస్‌కి (లోకలైజర్, గ్లైడ్ స్లోప్ పట్టుకుని దిగే పద్ధతికి) పోకండి. 10,000 అడుగుల దగ్గర ఆటోపైలట్, ఆటోథ్రస్ట్, ఫ్లైట్ డైరెక్టర్ అన్నీ తీసేసి, ఎత్తు మారకుండా 250 నాట్ల నుంచి 200కి తగ్గించమనండి, మళ్ళీ పెంచమనండి. అది కుదిరాక మలుపు తిప్పుతూ చేయమనండి. పావుగంట చాలు. ఆ పావుగంట ఇవ్వకుండా రా డేటా ఐఎల్‌ఎస్ పదిసార్లు చేయించినా పదిసార్లూ అదే తప్పు చేస్తారు.

నేర్చుకున్నది మర్చిపోతామా?

ఏది మర్చిపోతామన్నది తెలుసుకోవాలి. 2014లో నాసాకి చెందిన స్టీఫెన్ కాస్నర్ బృందం 16 మంది ఎయిర్‌లైన్ పైలట్లను బోయింగ్ 747-400 సిమ్యులేటర్‌లో పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. పరికరాలు చదివి చేత్తో నడపడం తుప్పు పట్టినా బాగానే మిగిలి ఉంది. దెబ్బతిన్నది ఆలోచన: మ్యాప్ తెర లేకుండా ఎక్కడున్నామో లెక్క కట్టుకోవడం, తర్వాతి అడుగు నిర్ణయించుకోవడం, ఏదో తేడాగా ఉందని పసిగట్టడం.

కాబట్టి ప్రాక్టీస్ అంటే వేళ్ళకి వ్యాయామం అనుకోవద్దు. ఆటోపైలట్ ఆన్‌లో ఉన్నా లెక్క మీ బుర్రలో నడుస్తుండాలి. దిగడం ఎక్కడ మొదలుపెట్టాలో కంప్యూటర్ చెప్పకముందే, ఎత్తుని వేలల్లో తీసుకుని మూడుతో హెచ్చవేయండి: 10,000 అడుగులకు 30 నాటికల్ మైళ్ళు. మూడు డిగ్రీల గ్లైడ్‌కి వర్టికల్ స్పీడ్ ఎంత కావాలో, గ్రౌండ్ స్పీడ్‌ని అయిదుతో హెచ్చవేయండి: 140 నాట్లకు నిమిషానికి 700 అడుగులు. వెనక గాలి ఉండి 1,000 దాటుతోందంటే ఎందుకో వెంటనే ప్రశ్నించుకోండి.

ల్యాండింగ్ ఎందుకు కుదరడం లేదు?

నూటికి తొంభై పాళ్ళు చూపు దగ్గర్లో ఉండటం వల్ల. సుమారు 30 అడుగుల దగ్గర ఫ్లేర్ (నేలని తాకే ముందు ముక్కు కాస్త ఎత్తడం) మొదలవుతుంది. అప్పుడు కళ్ళు రన్‌వే మొదట్లోని నంబర్ల మీద ఉంటే నేల మీదికి దూసుకొస్తున్నట్టనిపించి స్టిక్ గుంజేస్తారు, విమానం తేలిపోతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద డ్రైవర్ బానెట్‌ని కాక వచ్చే మలుపుని చూసినట్టే, చూపు రన్‌వే చివరికి పోవాలి. అప్పుడే కిందికి ఎంత వేగంగా వస్తున్నారో అర్థమవుతుంది.

ఇంకో కారణం ఎవరూ పట్టించుకోనిది: సీటు. ఎ320లో విండ్‌షీల్డ్ మధ్య కమ్మీ మీద చిన్న ఎరుపు, తెలుపు గోళీలుంటాయి. అవి ఒకదాని వెనక ఒకటి వచ్చేలా సీటు సరిచేసుకుంటే కన్ను ఉండాల్సిన ఎత్తులో ఉన్నట్టు. ఈ రోజు ఒక ఎత్తు, రేపు ఇంకో ఎత్తు పెట్టుకుంటే రన్‌వే ప్రతిరోజూ కొత్తగా కనిపిస్తుంది, ఫ్లేర్ ఎప్పటికీ కుదరదు. ఆర్మ్‌రెస్ట్‌కి కూడా అక్షరం, అంకె ఉంటాయి. మీది గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అక్కడే పెట్టుకోండి.

ల్యాండింగ్ బాగా చేయడం కన్నా ముందు నేర్వాల్సింది చేయకుండా పైకి వెళ్ళిపోవడం. మేఘంలో 1,000 అడుగులు, స్పష్టంగా కనిపిస్తుంటే 500 అడుగులు వచ్చేసరికి స్పీడ్, దారి, పవర్ కుదురుకోకపోతే గో అరౌండ్ అన్నది చాలా కంపెనీల నియమం. 2010 మే 22న మంగళూరులో కో పైలట్ గో అరౌండ్ చేయమని అన్నా దిగడానికే సాగిపోయారు. బోయింగ్ 737 రన్‌వేలో సగం కన్నా ఎక్కువ దాటాక నేలను తాకింది, 158 మంది పోయారు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వానలో, వెనక గాలితో మళ్ళీ అలాగే దూరంగా నేలకి తాకింది, 21 మంది పోయారు. రెండూ టేబుల్ టాప్ రన్‌వేలే, అంటే గుట్ట మీద చదును చేసి కట్టినవి, చివర దాటితే పల్లమే. కుడి సీట్లో కూర్చున్న కుర్రాడికి చేత్తో నడపడంతో పాటు “గో అరౌండ్” అని గట్టిగా అనడం కూడా సిమ్‌లోనే అలవాటు చేయాలి.

స్టాల్ గురించి ఇప్పుడు నేర్పేది పాతదానికి భిన్నంగా ఉందంటారు. నిజమేనా?

నిజమే. ఒకప్పుడు స్టాల్ హెచ్చరిక రాగానే పవర్ మొత్తం ఇచ్చి ఎత్తు పోకుండా పట్టుకోమనేవారు. ఎత్తు పోతే చెక్‌లో మార్కు పోయేది. ఎత్తు కాపాడాలన్న తపనతో ముక్కు దించడానికి చెయ్యి వెనకాడటం అలవాటైంది. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానంలో స్టిక్ వణికి హెచ్చరిస్తే కెప్టెన్ ముందుకి తోయాల్సింది వెనక్కి లాగాడు. 50 మంది చనిపోయారు. ఇప్పుడు ఒకే మాట: మొదట ముక్కు దించు, రెక్క మళ్ళీ ఎగరనీ, ఎత్తు సంగతి తర్వాత.

తప్పు పాఠం కూడా చంపుతుందని ఇన్‌స్ట్రక్టర్లు మర్చిపోకూడదు. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 కో పైలట్ ముందు వెళ్ళిన విమానం రేపిన గాలిసుడిలో రడ్డర్‌ని (నిలువు తోకకి ఉండే కదిలే పలకని) పెడళ్ళతో అటూ ఇటూ బలంగా తొక్కాడు. నిలువు తోక విరిగిపోయింది, 265 మంది పోయారు. ఆ కంపెనీ శిక్షణలో రడ్డర్ గురించి చెప్పిన తీరు కూడా ఒక కారణమని దర్యాప్తు తేల్చింది.

సిమ్యులేటర్ చాలదా?

చాలావరకు చాలు, అన్నింటికీ చాలదు. ఒంటి మీద బరువు పెరగడం, తగ్గడం సిమ్ సరిగ్గా ఇవ్వలేదు. చీకట్లో గో అరౌండ్ చేసి తేలికైన విమానం ఒక్కసారిగా దూసుకుపోతే, ముక్కు ఆకాశానికి లేచిపోతోందని చెవిలోని సమతుల్యత భాగం అబద్ధం చెబుతుంది. 2000 ఆగస్టు 23న బహ్రెయిన్‌లో గల్ఫ్ ఎయిర్ 072 ఎ320 అలాంటి గో అరౌండ్‌లోనే ముక్కు కిందికి తోసి సముద్రంలో పడింది, 143 మంది పోయారు. ఈ భ్రమను సిమ్‌లో పూర్తిగా చూపించలేం, ముందే వివరించి, హొరైజన్‌నే నమ్మమని పదే పదే చెప్పాలి. యూరప్‌లో 2019 డిసెంబర్ నుంచి ఎయిర్‌లైన్ పైలట్ కాబోయే విద్యార్థులు నిజం విమానంలో తలకిందులయ్యే స్థితుల నుంచి బయటపడటం నేర్చుకోవడం తప్పనిసరి. డబ్బు సర్దుబాటైతే అలాంటి కోర్సు మన పిల్లలూ చేయడం మంచిదని నా అభిప్రాయం.

లైన్‌లో ఎప్పుడు, ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి?

29,000 నుంచి 41,000 అడుగుల మధ్య కాదు. అక్కడ విమానాల మధ్య ఎత్తు తేడా వెయ్యి అడుగులే, ఎత్తు నిలబెట్టే ఆటోమేటిక్ వ్యవస్థ ఉండి తీరాలి. పొగమంచులో కాదు. ముంబై, ఢిల్లీ రద్దీ వేళల్లో కాదు. నాలుగో సెక్టార్‌లో (ఆ రోజు నాలుగో ప్రయాణంలో) అలసిపోయి ఉన్నప్పుడు కాదు.

తెల్లవారి రాజమండ్రికో తిరుపతికో వెళ్తున్నారు, ఆకాశం నిర్మలంగా ఉంది, పక్కన విమానాలు లేవు. అలాంటప్పుడు చేయండి. బయల్దేరేటప్పుడు 10,000 అడుగుల దాకా చేత్తో ఎక్కించడం మొదటి అడుగుగా బాగుంటుంది. అది అలవాటయ్యాక దిగేటప్పుడు ఆటోథ్రస్ట్ లేకుండా, ఆపైన కంపెనీ అనుమతిస్తే రా డేటా. ముందే బ్రీఫింగ్‌లో చెప్పాలి. మీరు చేత్తో నడుపుతుంటే పక్క పైలట్‌కి పని పెరుగుతుంది: రేడియో, సెట్టింగ్‌లు, మిమ్మల్ని గమనించడం. ఆయన ఉక్కిరిబిక్కిరి అవుతుంటే అడక్కుండానే ఆటోపైలట్ పెట్టేయండి.

కెప్టెన్ ఒప్పుకోకపోతే?

ఒప్పుకోని కెప్టెన్లు ఉంటారు. వాళ్ళలో చాలామందికి భయం మీ మీద కాదు. ప్రతి ఫ్లైట్ డేటా కంపెనీకి వెళ్తుంది, ఎక్కడైనా పరిమితి దాటితే మర్నాడు ఫోన్ వస్తుంది. “సర్, వెదర్ బాగుంది, ట్రాఫిక్ లేదు. 10,000 దాకా హ్యాండ్ ఫ్లై చేయనా? మీకు ఎక్కడ ఇబ్బందనిపించినా ఆటోపైలట్ పెట్టేస్తాను” అని బయల్దేరే ముందే అడగండి. వద్దంటే ఆ రోజుకి వదిలేయండి, విమానంలో వాదన వద్దు.

కంపెనీలకి మాత్రం ఒక మాట చెప్పాలి. 2013 జనవరిలోనే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, వీలున్నప్పుడు చేత్తో నడిపేలా పైలట్లను ప్రోత్సహించమని ఎయిర్‌లైన్లకు సూచన పంపింది. రాత మీద ప్రోత్సహించి, డేటా చూసి మందలిస్తే ఏ కెప్టెనూ ముందుకి రాడు.

కొత్త ఇన్‌స్ట్రక్టర్‌ని. ఏం గుర్తుపెట్టుకోవాలి?

అరవకండి. అరిస్తే కుర్రాడి చెయ్యి బిగుస్తుంది, బిగిసిన చేత్తో సైడ్‌స్టిక్ నడవదు. వేలి కొసలతో పట్టుకునే వస్తువది. గరిటెతో కలిపేస్తున్నట్టు స్టిక్ తిప్పుతుంటే, ఒక్కసారి వదిలేయమనండి. నార్మల్ లాలో విమానం ఉన్న భంగిమలోనే నిలకడగా ఎగురుతుంది. తన చెయ్యే కుదుపుకి కారణమని వాడే చూస్తాడు. ఆ తర్వాత మీరు చెప్పాల్సిందేమీ ఉండదు.

చేత్తో నడపడం నేర్పుతుంటే అందులో ఇంజిన్ ఫెయిల్యూర్ కలపకండి. ఒకటి కుదిరాకే ఇంకోటి. తప్పు మొదలవగానే చెప్పేయకండి, వాళ్ళే గమనిస్తారేమో కాస్త ఆగండి. పరిమితి దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క మాట చాలు: “స్పీడ్.” నిజం విమానంలో ఇంత ఆగే వీలుండదు. ఎ320 స్టిక్‌లు రెండూ ఒకదానికొకటి కలిసి కదలవు, కుర్రాడు ఏం చేస్తున్నాడో మీ చేతికి తెలియదు. విమానం కదలికను బట్టే పసిగట్టాలి. తీసుకోవాల్సి వస్తే “ఐ హ్యావ్ కంట్రోల్” అని బటన్ నొక్కి పూర్తిగా తీసుకోండి. ఇద్దరూ ఒకేసారి కదిపితే రెండూ కలిసి విమానానికి అందుతాయి.

ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ పనికొస్తుందా?

స్కాన్‌కి, రా డేటా లెక్కలకి పనికొస్తుంది. ఫ్లేర్‌కి, స్టిక్ స్పర్శకి పనికిరాదు, చెడు అలవాటు కూడా పట్టుకోవచ్చు. గోడకి కాక్‌పిట్ పోస్టర్ అంటించుకుని కుర్చీలో కూర్చుని గో అరౌండ్ మొత్తం నోటితో చెబుతూ చేసుకోవడం, ఖర్చు లేకుండా ఎక్కువ లాభమిచ్చేది.

నా ట్రైనింగ్ ఫైల్‌లో మాన్యువల్ హ్యాండ్లింగ్ వీక్ అని రాశారు. కెరీర్ పోయినట్టేనా?

లేదు. టైప్ రేటింగ్‌కి అప్పు చేసి వచ్చిన పిల్లలకి ఆ ఒక్క వాక్యం నిద్ర పట్టనివ్వదని తెలుసు. ఇప్పటి శిక్షణ పద్ధతుల్లో విమానాన్ని చేత్తో నడపడం, ఆటోమేషన్‌తో నడపడం రెండు వేర్వేరు సామర్థ్యాలుగా చూస్తారు. ఒకటి తక్కువుంటే దానికే అదనపు శిక్షణ ఇస్తారు. రాసిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్ళి, వీక్ అంటే ఏది అని అడగండి: స్పీడ్ నిలవడం లేదా, స్కాన్ ఆగిపోతోందా, ఫ్లేర్‌లోనా, ఎక్కువ కదుపుతున్నానా? జవాబు రాసుకోండి. తర్వాతి సెషన్ ఇన్‌స్ట్రక్టర్‌కి సిమ్ మొదలయ్యే ముందే ఆ కాగితం చూపించి, మొదటి పావుగంట 10,000 అడుగుల దగ్గర అన్నీ తీసేసి నడపనివ్వమని అడగండి. ఇలా అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు.